ఓడ ఆగదు... పాంపే కదలదు!

అగ్నిపర్వతం పేలుతోంది. తెరమీద జనం చెల్లాచెదురుగా పరుగెడుతున్నారు. రాతి స్తంభాలు కూలుతున్నాయి. కండలవీరుడు స్టీవ్ రీవ్స్ కథానాయికను కాపాడతాడా, లేదా?... సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది!

ఇది 1968లో తెనాలిలో ఒక ఆదివారం మార్నింగ్ షో సంగతి. ఆడుతున్న చిత్రం 1959 నాటి 'ది లాస్ట్ డేస్ ఆఫ్ పాంపే'. ప్రొజెక్టరు పక్కన నిలబడ్డ అసిస్టెంటు ఆపరేటరుకి అప్పటికి పదిహేడేళ్లు. ఆయన మా బాబాయి.

కరెంటు కోసం గంట చూశారట. రాలేదు. మ్యాట్నీకి తెలుగు సినిమా పడాలి. హాలు ఖాళీ చేయించి, టిక్కెట్టు డబ్బులు వాపసిచ్చి, ఇంగ్లీషు సినిమా డబ్బాలు కట్టేశారు. మర్నాడు ప్రింటు రైలెక్కి వెళ్లిపోయింది.

"జనం బాకీ తీర్చేశార్రా. నా బాకీ మాత్రం అలాగే ఉండిపోయింది" అంటూ ఉంటాడు బాబాయి.

ఆ బాకీ వసూలుకి 57 ఏళ్లు పట్టింది. 2025 అక్టోబరులో ఒక ఉదయం ఇటలీలోని నేపుల్స్ రేవులో ఓడ దిగి, నేనూ బాబాయీ పాంపే శిథిలాలు చూడ్డానికి బయలుదేరాం. గైడు లేడు, టూరు బస్సు లేదు. మా చేతిలో ఉన్నది ఒకే ఒక్క పగలు. సాయంత్రం అయిదున్నరకి ఓడ కదిలిపోతుంది.

మీలో ఎవరికైనా రేపో ఎల్లుండో ఇలాంటి అవకాశం రావచ్చు. అందుకే ఆ పగలు ఎలా గడిచిందో, ఎక్కడ తప్పటడుగు వేశామో దాచకుండా చెబుతున్నాను.

ఓడ వాళ్ల బస్సా? సొంత ప్రయాణమా?

ఈ విహార నౌకల పద్ధతి చాలా మందికి తెలిసిందే. రాత్రంతా ప్రయాణం. పొద్దున్నే ఒక రేవు. సాయంత్రానికి మళ్లీ సముద్రం. మధ్యలో దొరికే ఎనిమిది తొమ్మిది గంటలే ఆ ఊరు మనకిచ్చే కాల్‌షీటు!

జర్మనీలో ఉద్యోగం చేస్తున్న బాబాయి కూతురు ఈ ప్రయాణం ఏర్పాటు చేసింది. అసలు పాంపేకి వాళ్ల నాన్నని తీసుకెళ్లాల్సింది తనే. ముందు రోజు రాత్రి చంటిదానికి జ్వరం తగిలింది.

"అన్నయ్యా, నాన్నని నీ చేతికి అప్పజెబుతున్నాను. ఆయన మోకాళ్ల సంగతి, షుగరు సంగతి నీకు తెలుసు. అయిదున్నరకి నేను పిల్లతో డెక్ మీద నిలబడి చూస్తుంటాను. మీరిద్దరూ కింద రేవులో ఉంటే ఊరుకోను" అంది.

నవ్వుతూనే అంది. కానీ అందులో భయం ఉంది. ఎందుకంటారా? ఓడ వాళ్లు ఏర్పాటు చేసిన టూరులో వెళ్తే, బస్సు ఆలస్యమైనా ఓడ ఆగుతుంది. సొంతంగా వెళ్తే ఆగదు! తర్వాతి రేవుకి మన ఖర్చుతో, మన తిప్పలతో మనమే చేరుకోవాలి. అదీ ఒప్పందం.

మరి ఓడ వాళ్ల టూరులోనే వెళ్లొచ్చుగా? వెళ్లొచ్చు. భయస్థులకి, ఇంట్లో చిన్నపిల్లలున్న వాళ్లకి అదే మేలు. కాకపోతే దాని ఖరీదు మామూలు రైలు ఖర్చుకి ఎన్నో రెట్లు. పైగా జెండా పట్టుకున్న గైడు వెనక నలభై మంది నడవాలి. మోకాళ్ల నొప్పులాయన ఆగినప్పుడల్లా ముప్ఫై తొమ్మిది మంది వెనక్కి తిరిగి చూస్తారు. బాబాయికి అది గిట్టదు.

"ఒరేయ్, నేను చూడాలనుకున్న చోట నేను కూర్చోవాలి. అంతే" అన్నాడు.

క్లైమాక్సు ముందు రాయాలి

ముందు రోజు రాత్రి బాబాయి ఒక కాగితం తీసుకున్నాడు. నేనైతే పొద్దున ఎన్నింటికి దిగాలి, మొదట ఏం చూడాలి అని మొదలుపెట్టేవాణ్ణి. ఆయన అడుగునుంచి పైకి రాశాడు.

"ఓడ ఎన్నింటికి కదుల్తుంది?"

"అయిదున్నర."

"తలుపు ఎప్పుడు మూస్తారు?"

"అయిదుకల్లా అందరూ లోపలుండాలిట."

"అయితే మనం నాలుగింటికే ఉండాలి" అని రాశాడు. దాని పైన 'నేపుల్స్ స్టేషను 3-15' అని, దాని పైన 'పాంపేలో రైలు 2-30' అని, అన్నిటికన్నా పైన 'గేటు బయటికి 2-00' అని రాశాడు. ఆ చివరి అంకె పక్కన పెన్సిలుతో ఒక గుండ్రటి చుక్క పెట్టాడు.

చుక్క ఏమిటో సినిమా హాలు క్యాబిన్ చూసిన వాళ్లకి తెలుస్తుంది. ఫిల్మ్ రోజుల్లో ఒక్కో రీలు పది పన్నెండు నిమిషాలు ఆడేది. రెండు ప్రొజెక్టర్లుండేవి. రీలు అయిపోవస్తుండగా తెరమీద కుడివైపు పైమూల ఒక చుక్క మెరుస్తుంది. అది చూడగానే ఆపరేటరు రెండో మిషను మోటారు నడిపిస్తాడు. మరో చుక్క పడగానే ఇది మూసి అది తెరుస్తాడు. కింద కూర్చున్న మనకి రీలు మారినట్టే తెలియదు.

"చుక్క పడ్డాక ఆలోచించకూడదురా అబ్బాయ్. హీరోయిన్ ఎంత బావున్నా సరే, చెయ్యి మిషను మీదికి పోవాల్సిందే" అన్నాడు బాబాయి.

నేను నవ్వాను. మర్నాడు రెండింటికి నాకా నవ్వు రాలేదు.

ముగ్గురు పాంపేలు!

నేపుల్స్ రేవు ఊరి మధ్యలోనే ఉంటుంది. ఓడ దిగి పదడుగులు వేస్తే పాతకాలపు కోట, దాని పక్కనే మునిచిపియో మెట్రో స్టేషను. అక్కణ్నుంచి ఒకటో నంబరు మెట్రో ఎక్కి గరిబాల్ది అనే చోట దిగితే పెద్ద రైల్వే స్టేషను. దాని కిందనే సర్కుంవెసువియానా అనే లోకల్ రైలు. పేరు చూసి బెదరకండి. వెసూవియస్ పర్వతం చుట్టూ తిరిగే రైలని అర్థం. ముప్పావు గంట లోపే పాంపే చేరుస్తుంది. టిక్కెట్టు ఖరీదు ఒక కాఫీ, ఒక బన్ను ఖరీదంత.

ఈ రైలు నిజానికి ఒక స్టేషను ముందు, పోర్టా నొలానా దగ్గర మొదలవుతుంది. అక్కడ ఎక్కితే సీటు దొరుకుతుంది. గరిబాల్దిలో ఎక్కితే నిలబడాలి. జేబులు జాగ్రత్త! మన సంతలో ఎలా ఉంటామో అలా ఉండాలి.

ఇవన్నీ చదువుకుని వెళ్లినవాణ్ణి నేను. అయినా ఏం చేశానో చూడండి. రైలు నుదుటి మీద ఊరి పేరు చదవకుండా, జనం ఎక్కుతున్నారు కదా అని బాబాయిని ఎక్కించాను. ముప్పావు గంట తర్వాత 'పాంపే' అన్న బోర్డు కనబడగానే దిగిపోయాం.

చుట్టూ చూస్తే శిథిలాలేవీ? ఒక చక్కని చౌకు, పెద్ద చర్చి, కాఫీ హోటళ్లు, స్కూలుకెళ్లే పిల్లలు!

సంగతేమిటంటే, పాంపే పేరుతో ఒక స్టేషను కాదు, మూడున్నాయి. శిథిలాల గేటు ఎదురుగా ఉండేది 'పాంపే స్కావి - విల్లా దేయి మిస్తేరి'. స్కావి అంటే తవ్వకాలు. అది సొరెంటో వెళ్లే లైనులో వస్తుంది. మేం ఎక్కింది పొజ్జోమరీనో వెళ్లే లైను. అది 'పాంపే సాంతువారియో' అనే, బతికున్న ఊరి మధ్యకి తెచ్చి దింపింది. మూడోది ఇటలీ పెద్ద రైల్వే వాళ్లది. ఒకే హీరో మూడు వేషాలు వేసినట్టు ఉంది వ్యవహారం!

తప్పు నాదే. చెమటలు పట్టాయి. బాబాయి మాత్రం చర్చి మెట్ల మీద కూర్చుని మంచినీళ్లు తాగాడు. "రీలు తారుమారుగా ఎక్కించావు. ఫరవాలేదు, సినిమా అదేగా" అన్నాడు.

అదృష్టం బాగుంది. ఆ చర్చి దగ్గర్నుంచి పది నిమిషాలు నడిస్తే శిథిలాలకి మరో గేటు ఉంది, పియాత్సా ఆంఫితియాత్రో వైపు. పైగా మోకాళ్ల నొప్పులున్నవాళ్లకీ, చక్రాల కుర్చీవాళ్లకీ పనికొచ్చేలా గతుకులు తగ్గించి వేసిన మూడు కిలోమీటర్ల పైచిలుకు దారి మొదలయ్యేది అక్కడే. 2016లో వేశారు. నేను తప్పు రైలెక్కబట్టి బాబాయికి సరైన దారి దొరికింది. గేటు దాటేసరికి టైము పదిన్నర. అనుకున్నదానికన్నా అరగంట ఆలస్యం.

ప్రేక్షకులు లేని కచేరీ

లోపలికి వెళ్లగానే ఎదురయ్యేది ఆంఫీథియేటర్. క్రీస్తుపూర్వం 70 ప్రాంతంలో కట్టారు. రాతితో కట్టి ఈనాటికి నిలిచున్న ఆంఫీథియేటర్లలో అన్నిటికన్నా పాతది ఇదే. ఇరవై వేల మంది పట్టే హాలు! క్రీస్తుశకం 59లో ఇక్కడ ఆట చూడ్డానికి వచ్చిన పక్కూరు నుచేరియా వాళ్లకీ, పాంపే వాళ్లకీ మాటామాటా పెరిగి రాళ్లు, కత్తులు లేచాయి. చాలా మంది చచ్చిపోయారు. రోమ్ ప్రభుత్వం పదేళ్లపాటు ఇక్కడ ఆటలు బందు చేసింది. ఆ కొట్లాటని ఎవరో గోడ మీద బొమ్మ వేస్తే, అది నేపుల్స్ మ్యూజియంలో ఇప్పటికీ ఉంది.

సినీప్రియులకి ఇంకో కబురు. 1971 అక్టోబరులో ఇక్కడే పింక్ ఫ్లాయిడ్ బృందం వాయించింది. ముందర ప్రేక్షకుడన్నవాడు లేడు! కెమెరాలు, లౌడ్‌స్పీకర్లు, రాళ్లు మాత్రమే. దర్శకుడు ఏడ్రియన్ మేబెన్‌కి ఈ ఆలోచన ఎలా వచ్చిందో తెలుసా? ఆయన మామూలు యాత్రికుడిగా పాంపే వచ్చాడు. పాస్‌పోర్టు పోయిందని సాయంత్రం మళ్లీ వెతుక్కుంటూ వచ్చాడట. జనం వెళ్లిపోయిన ఆంఫీథియేటర్లో, ఆ సందెవేళ నిశ్శబ్దంలో నిలబడ్డప్పుడు తట్టింది. ఆ చిత్రం 1972లో బయటికొచ్చింది. 2025లో మెరుగులు దిద్ది మళ్లీ థియేటర్లలో వేశారు.

షూటింగుకి కరెంటు చాలక ఊళ్లోంచి పొడుగాటి కేబుల్ లాక్కున్నారని చెప్పగానే బాబాయి కళ్లు మెరిశాయి. "కరెంటు గొడవ వాళ్లకీ తప్పలేదన్నమాట!"

పందొమ్మిది వందల ఏళ్ల కిందట అభిమాన సంఘాలు

అక్కణ్నుంచి వియా దెల్ అబొందాంత్సా అనే రాజవీధి మొదలవుతుంది. పేరుకి 'సమృద్ధి వీధి'. బండి చక్రాలు కోసిన గాళ్లు రాళ్ల మీద అలాగే ఉన్నాయి. వీధికి అడ్డంగా ఎత్తయిన రాతి పలకలు, వాననీళ్లలో కాళ్లు తడవకుండా దాటడానికి. పక్కన వేడివేడి తిండి అమ్మిన కొట్లు, కుండలు దించడానికి గుండ్రటి కన్నాలున్న అరుగులు. ఒక రొట్టెల బట్టీలోనైతే 81 రొట్టెలు బొగ్గయిపోయి దొరికాయి. కాల్చడానికి పెట్టినవాడు తీయడానికి రాలేదు.

గోడల మీద రాతలున్నాయి చూడండి, మన ఊళ్లో ఎన్నికలప్పుడు కనిపించేవే! ఫలానా వారికి ఓటు వేయండి అని వేలకొద్దీ రాశారు. రంగుల వ్యాపారులు, గాడిదలు తోలేవాళ్లు, రొట్టెలవాళ్లు కూడబలుక్కుని తమ అభ్యర్థి పేరు రాయించారు.

అంతకన్నా సరదా సంగతి. అభిమాన సంఘాలు నిన్న మొన్నటివి అనుకుంటున్నారేమో! ఆక్టియస్ అనికేటస్ అనే మూకాభినయ నటుడి పేరు ఇక్కడి గోడల మీద ఉంది. పారిస్ అనే మరో నటుడి అభిమానులు తమని 'పారిస్ గారి తాలూకు' అని చెప్పుకుని మరీ ఎన్నికల్లో ఒకరిని బలపరిచారు. సెలాదస్ అనే మల్లుడి కోసం ఆడపిల్లలు నిట్టూర్పులు విడుస్తున్నారని ఇంకో గోడ. తార మారాడు గానీ నిట్టూర్పులు మారలేదు!

ఆ వీధి పక్కన ఒక ఇల్లు దగ్గర బాబాయిని ఆపాను. తలుపు మూసి ఉంది. 1938లో ఆ ఇంట్లో తవ్వుతుంటే జానెడు పైచిలుకు ఎత్తున్న ఏనుగుదంతపు స్త్రీమూర్తి దొరికింది. మెడలో హారాలు, కాళ్లకి కడియాలు, ఇరుపక్కలా చెలికత్తెలు. అది రోమన్ బొమ్మ కాదు. మన దేశపు బొమ్మ! పీఠం మీద ఖరోష్ఠి అక్షరం ఉంది. 'పాంపే లక్ష్మి' అని పేరు పడింది. లక్ష్మీదేవి కాదు, యక్షిణి అంటారు పండితులు. ఇలాంటి శిల్పమే మహారాష్ట్రలోని భోకర్దన్‌లో దొరికింది. అది ఆనాటి శాతవాహనుల సీమ. అదే రోజుల్లో రోమ్ వెండి మన దక్కనుకి వచ్చింది. నల్గొండ జిల్లా అక్కనపల్లిలో కుండ నిండా రోమన్ నాణేలు దొరికాయంటే వ్యాపారం ఎలా సాగిందో ఊహించుకోండి.

"ఈవిడ కూడా ఓడలోనే వచ్చిందన్నమాట" అన్నాడు బాబాయి. "వెనక్కి మాత్రం పోలేదు."

ఆ బొమ్మ ఇప్పుడు నేపుల్స్ మ్యూజియంలో ఉంది. చూడాలని నాకెంతో ఉంది. కానీ ఒకే పగట్లో పాంపే, మ్యూజియం రెండూ పెట్టుకుంటే రెండూ దక్కవు. ఒకటి వదులుకోవాలి. వదులుకున్నాం.

ఆ పదముగ్గురు

నిజానికి ఆంఫీథియేటర్ చూశాక రాజవీధికి రాకముందే ఒక చోటికి వెళ్లాం. దాని సంగతి చివరికి అట్టిపెట్టుకున్నాను, ఎందుకంటే ఆ రోజంతా మా ఇద్దరి వెంటా వచ్చింది అదే.

'పారిపోయినవాళ్ల తోట' అంటారు. చెట్ల మధ్య గోడవార, అద్దాల వెనక పదముగ్గురు పడి ఉన్నారు. పెద్దలు, పిల్లలు. ఒకాయన మోచేతి మీద లేవబోతూ ఆగిపోయాడు.

ఇవి శవాలు కావు, శిల్పాలూ కావు. క్రీస్తుశకం 79లో వెసూవియస్ పేలినప్పుడు బూడిద వీళ్లని కప్పేసి గట్టిపడింది. లోపలి శరీరం కాలక్రమాన పోయి ఖాళీ మిగిలింది. ఇలాంటి ఖాళీల్లో ప్లాస్టర్ పోసే పద్ధతిని 1863లో జుసెప్పె ఫియొరెల్లి అనే పురావస్తు నిపుణుడు మొదలుపెట్టాడు. మనిషి చివరి భంగిమ అచ్చు దిగింది.

ఇటాలియన్ దర్శకుడు రొబెర్తో రొసెల్లిని 1954 నాటి 'జర్నీ టు ఇటలీ'లో ఈ పనినే చూపించాడు. ఇంగ్రిడ్ బెర్గ్‌మన్, జార్జ్ సాండర్స్ భార్యాభర్తలు. విడిపోదామని మాట అనుకున్న రోజునే వాళ్లని పాంపేకి తీసుకొస్తారు. కళ్లముందే మట్టిలోంచి ఒక స్త్రీ, ఒక పురుషుడు పక్కపక్కనే పడుకుని బయటపడతారు. బెర్గ్‌మన్ అది చూడలేక పక్కకి వెళ్లి ఏడుస్తుంది. అగ్నిపర్వతం పేల్చకుండా, ఒక్క స్తంభం కూల్చకుండా పాంపేని ఇంత బాగా చూపించిన చిత్రం ఇంకోటి లేదని నా అభిప్రాయం.

అయితే ఈ అచ్చుల చుట్టూ మనం అల్లుకున్న కథలన్నీ నిజం కావు. బంగారు కడియం పెట్టుకుని బిడ్డని ఒళ్లో ఉంచుకున్న 'తల్లి' అని ఒక అచ్చుని ఏళ్ల తరబడి చూపించేవారు. 2024లో శాస్త్రజ్ఞులు ఎముకల్లోంచి డీఎన్‌ఏ తీసి చూస్తే, ఆ 'తల్లి' మగవాడు! ఆ బిడ్డకి రక్తసంబంధి కూడా కాదు.

ఇది చెప్పాక బాబాయి చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అన్నాడు: "అయితే ఇంకా గొప్పవాడేగా? తన బిడ్డ కాకపోయినా దగ్గర పెట్టుకున్నాడు."

పేలుడు మొదలయ్యాక చాలా గంటలు పైనుంచి తేలిక రాళ్లు వర్షంలా కురిశాయి. ఆ గంటల్లో ఊరు విడిచినవాళ్లలో ఎంతో మంది బతికారు. మర్నాడు తెల్లవారుతుండగా మండే బూడిద మేఘం ఊరి మీద పడింది. మిగిలినవాళ్లు దానికి దొరికిపోయారు.

"చుక్క పడింది, కానీ చూసుకోలేదు" అన్నాను, నా తెలివి చూపించబోయి.

బాబాయి తల అడ్డంగా ఊపాడు. "అలా అనకు. ముసలివాళ్లుంటారు, బానిసలుంటారు, పురిటి రోజులవాళ్లుంటారు. అందరికీ లేచిపోయే వీలుండదురా."

రెండు గంటలు. చుక్క!

ఊరి నడిబొడ్డు ఫోరం చేరేసరికి ఒంటిగంటన్నర. విరిగిన స్తంభాల చివర, గుడి వెనకాల, నీలంగా వెసూవియస్. బాబాయి ఒక రాతి మీద కూర్చున్నాడు. డబ్బాలోంచి చపాతీ తీసి తిన్నాడు. పావుగంట ఆ కొండనే చూశాడు.

"సినిమాలో ఎర్రరంగు దట్టంగా కొట్టారు. ఇదేమో ఏం తెలియనట్టు కూర్చుంది" అన్నాడు.

నిజమే. చివరిసారి 1944లో పేలింది. ఇంకా బతికే ఉంది.

అన్నట్టు, ఆయన చూసిన ఆ 1959 చిత్రానికి దర్శకుడిగా మారియో బొన్నార్ పేరు వేశారు. ఆయనకి జబ్బు చేస్తే చాలాభాగం తీసింది సెర్జియో లియోనే. ఆ తర్వాత కౌబాయ్ చిత్రాలతో ప్రపంచాన్ని ఊపిన మహానుభావుడే! ఈ సంగతి చెబితే బాబాయి, "అదా సంగతి! ఆ క్లోజప్పులు చూసి అప్పుడే అనుకున్నా" అన్నాడు. నిజంగా అనుకున్నాడో లేదో ఆయనకే తెలియాలి.

ఒంటిగంట యాభై. నాకు మాత్రం ప్రాణం కొట్టుకుంటోంది. ఊరి గోడల బయట 'రహస్యాల భవనం' ఉంది. ఎర్రటి గోడల మీద మనిషంత ఎత్తు బొమ్మలు. పావుగంట నడక. ఇంత దూరం వచ్చి అది చూడకుండా పోవడమా?

"బాబాయ్, గంట ఎక్కువ వేసుకున్నాం కదా. అందులో అరగంట వాడుకుందాం" అన్నాను.

ఆయన జేబులోంచి కాగితం తీశాడు. పెన్సిలు చుక్క చూపించాడు. "ఆ గంట మనది కాదురా. దారిలో ఏమైనా అయితే దానిది."

కోపం వచ్చింది. పైకి అనలేదు. పోర్టా మరీనా గేటు దిగి రెండింటికల్లా బయటపడ్డాం.

స్టేషనులో రెండున్నర రైలు వచ్చింది. వచ్చీ రాగానే అర్థమైంది. సొరెంటో నుంచి నిండి వచ్చింది. తలుపుల దగ్గర జనం గుత్తులుగా వేలాడుతున్నారు. నేనొక్కణ్ణే అయితే దూరేవాణ్ణి. డెబ్భై నాలుగేళ్ల మనిషిని ఆ తోపులాటలోకి ఎక్కించలేక వదిలేశాను. ఇంకో అరగంట. మూడింటి రైలులో నిలబడే వచ్చాం. ఎవరో కాలేజీ అమ్మాయి లేచి బాబాయికి సీటిచ్చింది. నేపుల్స్ స్టేషను మూడూ నలభై. మెట్రో, ఎస్కలేటర్లు, ఎండలో రేవు. ఓడ నిచ్చెన మెట్టు మీద కాలు పెట్టేసరికి నాలుగూ ఇరవై.

ఆ అరగంట నేను వాడుకుని ఉంటే? లెక్క వేసుకోండి. తర్వాతి రైలు కూడా తప్పిపోయి ఉంటే? నేను వేసుకున్నాను. నా మొహం చూసి బాబాయి ఏమీ అనలేదు. అదే ఆయన గొప్పతనం.

మీరు వెళ్తారా? అయితే వినండి

పాంపేకి 2024 నవంబరు నుంచి రోజుకి 20,000 మందినే రానిస్తున్నారు. టిక్కెట్టు మీద పేరు ఉంటుంది, అది పాస్‌పోర్టులో ఉన్నట్టే ఉండాలి. ముందుగానే కొనుక్కోండి. జనవరి 1, మే 1, డిసెంబరు 25 తేదీల్లో శిథిలాల గేట్లు తెరవరు. మీ ఓడ ఆ రోజున రేవుకి వస్తుందేమో చూసుకోండి. పెద్ద సంచులు లోపలికి రానివ్వరు.

కొన్ని ఓడల్లో మన పాస్‌పోర్టులు వాళ్ల దగ్గరే ఉంచుకుంటారు. ముందు రోజే అడిగి తీసుకోండి. షెంజెన్ వీసా తప్పనిసరి. ఓడ మధ్యలో ట్యునీషియా, టర్కీ వంటి దేశాలు తాకి మళ్లీ ఇటలీ వైపు వచ్చేటట్టయితే ఒక్కసారి ప్రవేశానికి ఇచ్చే వీసా చాలదు.

ఓడ గడియారం ఒకటి, ఊరి గడియారం ఒకటి కావచ్చు. దిగేముందు సరిచూసుకోండి. రోజూ గదిలో పెట్టే కార్యక్రమాల కాగితం మీద రేవు ఏజెంటు ఫోను నంబరు ఉంటుంది. ఆ కాగితం జేబులో ఉంచుకోండి. నీడ తక్కువ, రాళ్లు ఎక్కువ. బూట్లు, టోపీ, నీళ్ల సీసా మరవకండి. సీసా నింపుకోవడానికి వీధుల్లో కుళాయిలున్నాయి.

చూడాల్సినవి నాలుగే రాసుకోండి. అయిదోది రాశారంటే నాలుగూ సరిగ్గా చూడరు. ఇక అన్నిటికన్నా ముఖ్యం, తిరిగే టైము ముందే నిర్ణయించి దాని పక్కన చుక్క పెట్టండి. ఆ చుక్క పెట్టే పని మీలో ఆశ తక్కువున్న మనిషికి అప్పజెప్పండి!

అయిదున్నరకి ఓడ కదిలింది. డెక్ మీద చెల్లెలు, జ్వరం తగ్గిన పిల్ల, బాబాయి. పొద్దు వాలుతుంటే వెసూవియస్ మెల్లగా వెనక్కి జరుగుతోంది.

"ఏం నాన్నా, క్లైమాక్సు చూశావా?" అని అడిగింది చెల్లెలు.

బాబాయి కొండవైపే చూస్తూ, పిల్ల నెత్తిమీది టోపీ సరిచేశాడు.

"రహస్యాల భవనం మిగిలిపోయిందమ్మా. మీ అన్నయ్య బాకీ" అన్నాడు.